తప్పేది? ఒప్పేది?

పరీక్షాపత్రమున "ఈ క్రింది వాక్యములలోని దోషమును గుర్తింపుము" అను ప్రశ్న కనబడగానే మన విద్యార్థులు పలువురు కలము దించివేయుదురు. తెలుగు ఇంటిభాషయే గదా, తడబాటేల యని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. కారణము కలదు. మన హోసూరు ప్రాంతమున పిల్లల చెవికి తెలుగుతోపాటు తమిళ కన్నడములును పసినాటనుండియే సోకును. ఇది లోపము కాదు, భాగ్యమే. కాని ఏ మాట ఏ భాష సొత్తో తెలిసికొనవలెను.

కొన్ని నిక్కముగా దోషములే. "మూడు బాలురు వచ్చిరి" అనరాదు. మనుష్యులను లెక్కించునపుడు తెలుగున "ముగ్గురు" అనవలెను. "ప్రతి విద్యార్థులు పుస్తకము తేవలెను" అనుటయు తప్పే. "ప్రతి" తరువాత ఏకవచనమే తగును. "నిన్న మా మామ ఊరికి పోవును" అన్నచో కాలము చెడినది. ఇట్టివానిని పట్టుటకు ముందుగా క్రియను చూచి ఎవరు, ఎందరు, ఎప్పుడు అని ప్రశ్నింపుడు; పిమ్మట విశేషణమును నామముతో జతపరచి చూడుడు. పొత్తు కుదరనిచోటనే దోషముండును.

మరికొన్ని అర్థదోషములు. "అవసరము" అనగా తెలుగున అగత్యము. తమిళ కన్నడములలో తొందర. "అవసరముగా పరుగెత్తెను" అని వ్రాసిన బాలుడు వ్యాకరణము తప్పలేదు. పొరుగింటి యర్థమును మనయింటికి తెచ్చినాడు. అట్లే, కన్నడమున "నావు" అను ఒక్క మాటయే చాలును. తెలుగున వినువానిని కలుపుకొన్నచో "మనము", విడిచినచో "మేము".

ఇక మూడవ తెగ కలదు. మేము పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయశిక్షణము పొంది వచ్చిన తొలినాళ్లలో ఒక బాలిక "మా అన్న ఇంట్లో ఉండాడు" అని వ్రాయగా ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. ఆమె మెల్లగా, "అట్లయితే మా అవ్వ మాట్లాడేదంతా తప్పేనా, సార్?" అని అడిగినది. మాకు బదులు తోచలేదు. "ఉండాడు" చిత్తూరు సీమలోను వినబడు మాటయే. అది దోషము కాదు, ప్రాంతీయ రూపము. పరీక్ష కోరునది "ఉన్నాడు" అను ప్రామాణిక రూపము, అంతియే భేదము.

కావున మా అభిప్రాయ మిది. ఈ మూడు తెగలకును ఒకే ఎఱ్ఱగీత తగదు. మొదటి రెంటిని "తప్పు" అని దిద్దవలెను. మూడవదానిప్రక్కన "పరీక్షలో ఈ రూపము వ్రాయుము" అని మాత్రమే సూచింపవలెను. అవ్వ మాటను తప్పని నమ్మిన బిడ్డ క్రమముగా తెలుగే తనకు రాదని నమ్మును. పిమ్మట ఇంట మాట్లాడుటయే మానును. అట్టి నష్టమును ఏ మార్కులును పూడ్పజాలవు.

విద్యార్థులారా! పరీక్షలో ప్రామాణిక రూపమును జంకక వ్రాయుడు. ఇల్లు చేరి అవ్వతో అవ్వ మాటనే పలుకుడు. రెండును మనవే.