కట్టు కట్టడం నేర్పారు, పక్కన కూర్చోవడం ఎవరు నేర్పుతారు?



మన బడిలో ప్రతి ఏడాదీ ప్రథమ చికిత్స క్లాసు పెడతారు. పాము కరిస్తే ఏం చేయాలి, నీళ్లలో మునిగినవాణ్ణి ఎట్లా పడుకోబెట్టాలి, చెయ్యి విరిగితే బద్ద పెట్టి ఎట్లా కట్టాలి, అన్నీ చెప్పారు. మంచిదే. కానీ వరద శిబిరంలో నేను చూసినంతలో చేతులు విరిగినవాళ్లు లేరు. నోట మాట రాక గోడకి ఆనుకొని కూర్చున్నవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం మనకి ఏ క్లాసూ లేదు. ఉండాలని నా అభిప్రాయం.

భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత మన పెద్దలు అంత నీళ్లు చూడలేదు. మా ఇంటివాళ్లం కూడా అప్పుడు ఒక బడిలో తలదాచుకున్నాం. అన్నం పెట్టారు, దుప్పట్లు ఇచ్చారు, కాదనను. కానీ ఫోన్లు పట్టుకొని వచ్చినవాళ్లంతా మా నాయనమ్మని ఒకటే అడిగారు, "ఎట్లా మునిగింది? ఎంత పోయింది? చెప్పు" అని. ఆమె ఒక్కరికీ జవాబు చెప్పలేదు. మూడో రోజు కోయ భాష వచ్చిన ఆశా కార్యకర్త ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు ఏమీ అడగలేదు. అప్పుడు నాయనమ్మే నోరు తెరిచి మేకల సంగతి అడిగింది. "నాకు తెలియదు, కనుక్కొని సాయంత్రం వచ్చి చెప్తాను" అంది ఆమె. సాయంత్రం నిజంగానే వచ్చింది. రెండు మేకలు దొరకలేదని చెప్పింది. చెడ్డ కబురే, అయినా ఆ రాత్రి నాయనమ్మ అన్నం తిన్నది.

ఆమె చేసిన పనికి ఒక పేరు ఉందని నాకు తర్వాత తెలిసింది. మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 2011లో దీని మీద ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ముందు చుట్టూ చూడాలి, ప్రమాదం ఉందా, ఎవరికి తొందరగా సాయం కావాలి అని. తర్వాత వాళ్లు చెప్పినంతే వినాలి. ఆఖరికి అన్నం, మందు, తప్పిపోయిన మనిషి కబురు, ఏది కావాలో దాని దగ్గరికి చేర్చాలి. జరిగింది చెప్పమని బలవంతం చేయకూడదని ఆ పుస్తకంలో గట్టిగా ఉంది. చెప్పించి ఏడిపిస్తే బరువు దిగుతుందని మనలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. "ప్రాణాలతో ఉన్నావు, అదే అదృష్టం" అనకూడదు. "అన్నీ సర్దుకుంటాయి" అని తెలియని హామీ ఇవ్వకూడదు. ఇవి రెండూ మనం రోజూ అనే మాటలే గదా!

ఇదంతా డాక్టర్ల పని, పిల్లలకి ఎందుకు అని ఒక సారు అన్నారు. 1999 ఒడిశా తుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ఊళ్లలో ఉండే మామూలు మనుషులకి కూడా ఈ ఆసరా ఇవ్వడం నేర్పారు. కష్టం వచ్చినప్పుడు దిగులు దాదాపు అందరికీ ఉంటుంది, ఎక్కువమందికి కొన్నాళ్లకు తగ్గుతుంది. తగ్గనివాళ్లని, చచ్చిపోతానని అనేవాళ్లని ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్లకి అప్పగించాలి. డాక్టరు పని అక్కడ మొదలవుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు పడదు. ఆ నంబరు మన హాస్టల్లో ఏ గోడ మీదా లేదు. మెనూ బోర్డు పక్కన రాయడానికి చారెడు సున్నం చాలు.

ముందు బియ్యం, బరకాలు, తర్వాత మనసు అనేవాళ్లకి నా జవాబు ఏందంటే, ఇవి రెండు వేరు పనులు కావు. పడవ ఎప్పుడొస్తుందో అర్థమయ్యే భాషలో చెప్పడం కూడా వైద్యమే. ఆ భాష మన దగ్గర ఉంది. శిబిరానికి పట్నం నుంచి ఎంత చదువుకున్నవాళ్లు వచ్చినా కోయలో మాట్లాడలేరు, మన తొమ్మిదో తరగతి పిల్ల మాట్లాడుతుంది.

ఇంకొకటి. వాన గట్టిగా కొడితే మన ఐదో తరగతి తమ్ముళ్లు కొందరు నిద్రపోరు. కొందరు పక్క తడుపుతారు. వాళ్లని చూసి నవ్వేవాళ్లు ఉన్నారు, పేర్లు రాయను. వార్డెన్ సారుకి నా మనవి, ఆ రాత్రుళ్లు వరండాలో లైటు వెయ్యనివ్వండి, అన్నదమ్ముల్ని ఒకే గదిలో పడుకోనివ్వండి, ఇంటికి ఫోను చేసుకోనివ్వండి.

వానలు ముదరకముందే ఒక ఆదివారం ఈ క్లాసు పెట్టించాలని అడుగుతున్నాను. ఏఎన్ఎమ్ మేడం ఒప్పుకుంటే చాలు. ఈ పత్రిక కింద తెల్లకాగితం అంటించాం. కావాలనేవాళ్లు పేరు, తరగతి రాయండి. కోయ, కొండరెడ్ల మాట బాగా వచ్చినవాళ్లు ఆ సంగతి కూడా రాయండి. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో రాయండి, వచ్చే నెల పత్రికలో వేస్తాం.