క్రీము సీసాలో వజ్రం

ఇనుపపెట్టె గట్టితనాన్ని ఇంజనీర్లమైన మేము నిమిషాలలో కొలుస్తాము. డ్రిల్లు, గ్రైండరు చేతబట్టిన నిపుణుని ఎదుట 15 నిమిషాలు నిలిచేది ఒక తరగతి, 30 నిమిషాలు నిలిచేది మరొక తరగతి. ఎన్నటికీ తెరుచుకోని పెట్టె అంటూ లేదు. అయితే ఈ లెక్క అంతా పెట్టె మూసియున్నప్పటిది. 'పింక్ పాంథర్స్' అని పేరుమోసిన అంతర్జాతీయ నగల దొంగలు ఆ పెట్టె జోలికే పోలేదు. దుకాణం తెరచి, నగలు అద్దాల వెనుక కొలువుదీరియున్న పట్టపగటివేళనే వారు ఎన్నుకొన్నారు.

ఆ పేరు వారు పెట్టుకొన్నది కాదు. 2003లో లండన్‌లోని గ్రాఫ్ దుకాణంలో దోపిడీ జరిగింది. పోయిన వజ్రాలలో ఒకటి ముఖానికి పూసుకొనే క్రీము సీసాలో దొరికింది. పింక్ పాంథర్ చలనచిత్రంలోనూ అటువంటి ఉపాయమే ఉండటంతో పత్రికలు ఆ పేరు తగిలించాయి.

వీరిలో అత్యధికులు పూర్వపు యుగోస్లావియా వారు. 1990 దశకంలో ఆ దేశం ముక్కలై, యుద్ధం సాగి, ఐక్యరాజ్యసమితి ఆంక్షలు బిగిసినప్పుడు అక్కడ పెట్రోలు, సిగరెట్ల దొంగరవాణా ఒక వృత్తిగా మారింది. సరిహద్దులు దాటే విద్య అక్కడ అబ్బినదే. ఏకనాయకుడు లేని చిన్న చిన్న జట్లు కావడంతో ఒకరు పట్టుబడినా తీగ లాగితే డొంక కదలలేదు.

2005లో ఫ్రాన్స్‌లోని సాంత్రోపేలో పూల చొక్కాలు తొడిగి వచ్చి, దోచుకొని, మోటారు పడవలో తప్పించుకొన్నారు. వేసవి రద్దీలో రోడ్డుపై కారు కదలని ఊరికి ఇంతకన్న తగిన దారి లేదు! 2007లో దుబాయిలోని వాఫీ మాల్‌లోకి రెండు ఆడీ కార్లను తలుపులు బద్దలుకొట్టుకొని తోలారు. తరువాత ఆ కార్లలో దొరికిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళే పోలీసులకు దారి చూపాయి. ఇంటర్‌పోల్ ఆ సంవత్సరమే వీరికై ప్రత్యేక విభాగం నెలకొల్పింది.

పత్రికలు వీరిని కథానాయకులను చేసిన తీరు మాకు రుచించదు. 2004లో టోక్యోలోని గింజా దుకాణంలో, జీతానికి పనిచేసే ఉద్యోగి కళ్ళలో మంటపుట్టించే ద్రవం చల్లి, 116 వజ్రాల 'కొంతెస్ ద వాందోమ్' హారాన్ని ఎత్తుకుపోయారు. అటువంటి నగను ఉన్నది ఉన్నట్లు ఎవరూ కొనరు. రాళ్ళు ఊడదీస్తారు, పెద్దవాటిని తిరిగి సానపడతారు. బరువు తగ్గుతుంది, రూపు మారుతుంది. అటుపిమ్మట ఆ రాయి సొంతదారు చేతిలోకే వచ్చినా, తనదేనని అతడు నిరూపించుకోలేడు.