అరువు తెచ్చిన వెలుగు

ఏడాది ముగిసేవేళ మ్యూజియం సంచాలకుడు లెక్కలు చూసుకుంటే మొదట కంటబడేది టిక్కెట్ల సంఖ్యే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం సంచాలకుడు టాకో డిబిట్స్‌కు 2023లో ఆ సంఖ్య ఎంతో సంతోషాన్నిచ్చి ఉంటుంది. ఫిబ్రవరి 10 నుంచి జూన్ 4 దాకా సాగిన డచ్చి చిత్రకారుడు వెర్మీర్ చిత్రాల ప్రదర్శనకు ఆరున్నర లక్షల మంది వచ్చారు. ఆ మ్యూజియం చరిత్రలో మరే ప్రదర్శనకూ అంతమంది రాలేదు. తలుపులు తెరిచిన కొద్ది రోజులకే టిక్కెట్లన్నీ అయిపోయాయి.

తలచుకుంటే ఇంకా ఎక్కువమందిని లోపలికి పంపగలిగేవారు. పంపలేదు. గంటకు ఇంతమందేనని గీత గీశారు. వెర్మీర్ చిత్రాల్లో పాలు ఒంపుతున్న పనిమనిషి, కిటికీ పక్కన నిలబడి ఉత్తరం చదువుకుంటున్న స్త్రీ, లేసు అల్లుకుంటున్న అమ్మాయి కనిపిస్తారు. ఆ గదుల్లో ఉన్నదల్లా ఎడమవైపు నుంచి పడే వెలుతురూ నిశ్శబ్దమూ. పైగా చాలావరకు చిన్న పటాలు. ముందు పదిమంది తలలుంటే అవి కనబడనే కనబడవు. ఈ చిత్రకారుణ్ణి నెమ్మదిగా, దగ్గరగా చూడాలని డిబిట్స్ పట్టుబట్టారు. అందుకోసం వచ్చే ఆదాయాన్ని కొంత వదులుకున్నారు. ఆ ఏడాది ఆయన తీసుకున్న నిర్ణయాల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఆ చిత్రాలు ఒక్కచోటికి చేరిన తీరు కూడా తెలుసుకోదగ్గది. 43 ఏళ్లకే అప్పుల్లో కన్నుమూసిన వెర్మీర్ గీసినవని నేడు చెబుతున్నవి సుమారు 37 చిత్రాలే. ఇవి ఎక్కువగా యూరప్, అమెరికాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రైక్స్‌మ్యూజియానికి సొంతంగా ఉన్నవి నాలుగే. గోడలకెక్కినవి మాత్రం 28. 1995లో వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో సైతం 21కి మించలేదు. న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్ భవనానికి మరమ్మతులు జరుగుతుండటంతో అక్కడి మూడు చిత్రాలు వచ్చాయి. అదృష్టం కలిసిరావడమంటే అదీ! ‘ముత్యపు లోలాకు అమ్మాయి’ చిత్రాన్ని ది హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మార్చి నెలాఖరు వరకే ఇచ్చింది. ఆమె కోసమే తమ గడప తొక్కేవారిని నెలల తరబడి ఉత్తచేతులతో పంపడం ఏ మ్యూజియానికైనా కష్టమే. రానివాటిలో ఒకటి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 1990లో బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన ఆ చిత్రం ఇంతవరకూ దొరకలేదు.

పెళ్లికోసం పక్కింటివారి నగ అడిగి తెచ్చుకున్నవారు దాన్ని తమ సొంత నగకన్నా భద్రంగా చూసుకుంటారు. మ్యూజియాల మధ్య నడిచేదీ అలాంటి నమ్మకమే. బీమా, ఒప్పందాలు, గదిలోని తేమ లెక్కలు అన్నీ అవసరమే. కానీ చివరికి ఒక సంచాలకుడు తన దగ్గరున్న అపురూప చిత్రాన్ని గోడమీద నుంచి దించి సముద్రం దాటించడానికి ఒప్పుకునేది అవతలివారి మాట మీదనే. ప్రదర్శన ముగియగానే అరువు తెచ్చిన మిగతా చిత్రాలు కూడా ఎవరివి వారి ఇంటికి వెళ్లిపోయాయి.

అదే మ్యూజియం నుంచి అదే ఏడాది ఒక వస్తువు ఇక మళ్లీ రాకుండా వెళ్లింది. 1765లో డచ్చి సేనలు శ్రీలంకలోని క్యాండీ రాజప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు పట్టుకుపోయిన ఫిరంగి అది. వెండి, బంగారం, కెంపులు పొదిగిన ఆ ఫిరంగి ఎవరిదో, ఎలా చేరిందో డచ్చి, శ్రీలంక పరిశోధకులు కలిసి తేల్చారు. 2023 డిసెంబరులో మరో ఐదు వస్తువులతోపాటు అది కొలంబోలో దిగింది. వెర్మీర్ కోసం బారులు తీరినవారిలో ఎక్కువమందికి ఈ సంగతి తెలిసి ఉండదు. ఆ ఏడాది లెక్కలో ఆరున్నర లక్షల సందర్శకుల పక్కన ఈ ఫిరంగినీ రాయాలని మేమంటాం. ఒక మ్యూజియం ఇంకొకరి వస్తువును అరువడిగేందుకు తగినదవునో కాదో, తనది కానిదాన్ని అది ఏంచేస్తుందో చూసే తెలుసుకోవాలి.

ఆ సంవత్సరమే మన రాళ్లు కూడా ప్రయాణం కట్టాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జూలై నుంచి నవంబరు దాకా ప్రాచీన భారత బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2003లో బయల్పడిన తోరణశిల్పం అక్కడ నిలిచింది. అక్కడి నుంచి ప్రదర్శన సియోల్‌కు వెళ్లింది. ఫణిగిరి పేరు వినని తెలుగువారు మనలో ఎందరో ఉండగానే న్యూయార్క్ వాసులు ఆ రాతి ముందు ఆగి చూశారు. వాళ్లు చూసినందుకు సంతోషమే. మనం చూడనందుకే బాధ.

వెర్మీర్ చిత్రాలకన్నా ఘోరంగా చెదిరిపోయినవి అమరావతి శిల్పాలు. 1797లో కర్నల్ మెకంజీ కంటబడింది మొదలు అక్కడి బౌద్ధ మహాస్తూపం రాయి రాయిగా విడిపోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో ఎన్నో లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కోల్‌కతా, ఢిల్లీల్లో కొన్ని, పారిస్‌లో కొన్ని ఉన్నాయి. అమరావతిలో మిగిలినవి కొన్నే. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవారు ఆ స్తూపం వైభవం మొత్తం చూడాలంటే పాస్‌పోర్టు కావాలి.

శాశ్వతంగా తిరిగివ్వాలన్న కోరిక న్యాయమైనదే, ఆ ప్రయత్నం మానకూడదు. అది తేలేలోపు అరువడగడానికి అడ్డేముంది? 2017లో ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం భారతదేశం, ప్రపంచం అన్న ప్రదర్శన కోసం బ్రిటిష్ మ్యూజియం నుంచి ఎన్నో వస్తువులను తెప్పించుకుంది. ముంబయికి వచ్చినవి విజయవాడకు రాకూడదా? అయితే అడిగే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన బౌద్ధశిల్పం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి 2016లో గానీ భారత్‌కు తిరిగి రాలేదు. అరువిచ్చేవారు ముందు అడిగే ప్రశ్న కాపలా గురించే. సరైన గది, శిక్షణ పొందిన సిబ్బంది, నాలుగైదేళ్లపాటు ఒకే పనిమీద కూర్చునే క్యురేటర్, ఆయనను మధ్యలో బదిలీ చేయని ప్రభుత్వం కావాలి. డబ్బుకన్నా ఓపికే ఎక్కువ కావాల్సిన పని ఇది.

లండన్, చెన్నై, కోల్‌కతా, ఢిల్లీ, పారిస్‌లలోని అమరావతి శిల్పాలను నూరు రోజులపాటు కృష్ణాతీరంలో ఒకే కప్పు కింద నిలపడానికి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ ఈ ఏడాదే మొదటి ఉత్తరం రాయాలని కోరుతున్నాం.