ప్రాణము నిలిచిన పిదప

2022వ సంవత్సరమున మన దేశపు రహదారులపై 4,61,312 ప్రమాదములు జరిగినవనియు, 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్ర ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. మృతుల సంఖ్య పత్రికలకెక్కును. సభలలో చర్చకు వచ్చును. గాయపడినవారి సంఖ్య పట్టికలోనే నిలిచిపోవును. వారిలో కాలో చేయో పోగొట్టుకొన్నవారు, వెన్నుపాము దెబ్బతిని మంచము పట్టినవారు తరువాత ఎట్లు బ్రదుకుచున్నారో ఆ పట్టిక చెప్పదు.

2025లో కేంద్ర ప్రభుత్వము రోడ్డు ప్రమాద బాధితులకు నగదు చెల్లింపు లేని చికిత్సా పథకమును ప్రకటించినది. ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయల మేరకు చికిత్స లభించును. ఇది మెచ్చదగిన పని. తొలి గడియలలో ప్రాణము నిలుపుటకంటె ముఖ్యమైనది వేరొండు లేదు. అయితే ఎనిమిదవ నాటినుండి ఆ మనుష్యుడు ఏండ్ల తరబడి బ్రదుకవలసి యున్నది. ఆ బ్రదుకు సంగతి యేమి?

'పునరావాసము' అను మాటను మనము వరదలలో ఇండ్లు కోల్పోయినవారికిని, జలాశయముల క్రింద ఊళ్లు మునిగినవారికిని వాడుచున్నాము. తీవ్రముగా గాయపడినవాడును ఒక విధమైన నిర్వాసితుడే. తన వృత్తినుండి, ఇంటిలో తనకున్న స్థానమునుండి అతడు వెడలగొట్టబడినాడు. అతనిని మరల అతని జీవితములో నివసింపజేయుటయే పునరావాసము. అవయవమును బాగుచేయుట అందొక భాగము మాత్రమే. కనుక "ఈ కాలు ఎంత వంగును?" అని అడుగుటకు ముందు "నీవు మరల ఏమి చేయగోరుచున్నావు?" అని అడుగవలెను.

ఈ ప్రశ్న విలువను జయపుర పాదము తెలుపును. అంతకు పూర్వము లభించిన కృత్రిమ పాదములు పాశ్చాత్య నమూనాలు. బూటు తొడిగి కుర్చీలో కూర్చుండువారికి అవి సరిపోయెడివి. నేలపై బాసిపట్టు వేసికొని భోజనము చేయువానికి, వట్టికాళ్లతో బురదపొలములో దిగువానికి అక్కరకు రాకపోయెను. జయపురములోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో 1968 ప్రాంతమున రామచంద్రశర్మ అను శిల్పియు, డాక్టరు సేఠీ అను ఎముకల వైద్యుడును కలిసి రబ్బరుతో క్రొత్త పాదమును రూపొందించిరి. దానితో చెప్పులు లేకయే నడువవచ్చును, నేలపై కూర్చుండవచ్చును, నీటిలో దిగవచ్చును. రోగి కాలితోపాటు రోగి జీవనమును గూడ వారు కొలత తీసికొనిరి.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోని డాక్టరు మేరీ వర్గీసు చరిత్ర మరొక సత్యమును చూపును. 1954లో వాహన ప్రమాదమున వెన్నుపాము దెబ్బతిని ఆమె కాళ్లు చచ్చుబడెను. శస్త్రచికిత్స నిలుచుండియే చేయవలెనని లోకము తలచును. కాని కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను సరిచేయు శస్త్రచికిత్స కూర్చుండియు చేయవచ్చును. డాక్టరు పాల్ బ్రాండు ఆ మార్గమును చూపగా, ఆమె చక్రముల కుర్చీనుండియే ఆ పని సాధించెను. పిమ్మట విదేశములలో పునరావాస వైద్యము నేర్చి వచ్చి, ఆ కళాశాలలోనే ఆ శాఖను నడిపెను. కాళ్లు పోయినంత మాత్రమున చేతిలోని విద్య పోలేదు.

అందరికి ఇట్టి తోడు దొరకునా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వోద్యోగి సేవలో నుండగా వికలాంగుడైనచో అతనిని తొలగింపరాదు. పాత పని చేయలేనిచో అదే జీతముపై వేరొక పనికి మార్చవలెను. తాటిచెట్టునుండి పడిన గీత కార్మికునికి, పరంజానుండి జారిన తాపీపనివానికి ఈ రక్ష లేదు. పునరావాస సేవలు కల్పింపవలెనని అదే చట్టము ప్రభుత్వములను ఆదేశించినది గాని, 'ఆర్థిక శక్తి మేరకు' అను షరతు పెట్టినది. పేదవాని ఆశ ఆ షరతులో చిక్కుకొని యున్నది. జిల్లా ఆసుపత్రులలో వ్యాయామ చికిత్సయు, వృత్తి శిక్షణయు, ఇంటికి వచ్చి అవసరములు తెలిసికొను కార్యకర్తయు ఏర్పడినప్పుడే ఎనిమిదవ నాటి ప్రశ్నకు సమాధానము దొరకును.

ఉపాధ్యాయులు చేయదగిన పనియు కలదు. ప్రమాదము తరువాత బడికి తిరిగి వచ్చిన బాలునిపై జాలి చూపువారు పలువురు, "నీకేమి కావలెను?" అని అడుగువారు కొందరే. అతడు మేడ మెట్లు ఎక్కలేననినచో, తరగతిని క్రిందికి దింపవలెను. అందుకు ఏ పథకమును రానక్కరలేదు.