సముద్రం అవతల పూచీ ఎవరిస్తారు?

"బెయిలొచ్చింది" అన్న కబురు అందగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తొందరపడకండి. బెయిలిచ్చిన కోర్టు సాధారణంగా పూచీదారుల్నీ అడుగుతుంది. పూచీ దొరక్కపోతే బెయిలు ఆర్డరు ఉండీ లేనట్టే, లోపలున్న మనిషి లోపలే ఉంటుంది. అండమాన్‌లో బతుకుతున్న తెలుగు ఆడవాళ్లకూ, వాళ్లను ఓడెక్కించి పంపిన ఉత్తరాంధ్ర కుటుంబాలకూ ఈ సంగతి ఇప్పుడే తెలియాలి. ఒకరు అరెస్టయ్యాక తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన తీరపు యాసే చెవిన పడుతుంది. అలాగని పూచీకి నిలబడగల ఆస్తిపరుడైన బంధువు అక్కడ అందరికీ ఉండడు. కొత్తగా కూలికి వెళ్లినవాళ్లకు అసలే ఉండడు. స్థానికుడే పూచీ ఇవ్వాలంటే అన్నదమ్ములేమో 1,200 కిలోమీటర్ల సముద్రానికి ఇవతల ఉన్నారు. విమానం టిక్కెట్టుకు డబ్బుండదు, విశాఖ ఓడ కోసం రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఈ కష్టాన్ని సుప్రీంకోర్టు 1978లోనే చూసింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు అది. మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీరును తప్పుపడుతూ, ఒక ఆంధ్రుడో తమిళుడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే ఏం చెయ్యాలని నిలదీశారు. సరిగ్గా మన మనిషీ, ఆ దీవీ! తీర్పొచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా 2023 జనవరిలో అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది: విడుదలలు ఆలస్యం కావడానికి స్థానిక పూచీ కోసం పట్టుబట్టడం ఒక కారణమని, ఆ షరతు వద్దని. బెయిలొచ్చిన 7 రోజుల్లో మనిషి బయటపడకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలైనా పూచీ కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. ఈ రెండు గడువులూ రాసి పెట్టుకోండి.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఆడవాళ్లు నూటికి నలుగురే. తక్కువ గదా అని తేలిగ్గా తీసుకుంటాం, కష్టం అక్కడే మొదలవుతుంది. వాళ్ల కోసం తిరిగేవాళ్లూ తక్కువే. భర్త జైలుకెళ్తే భార్య తాళి తాకట్టు పెట్టయినా ప్లీడరు చుట్టూ తిరుగుతుంది. భార్య వెళ్తే అన్ని ఇళ్లలోనూ అలా జరగడం లేదు. పరువు పోయిందని కొందరు ములాఖత్‌కు వెళ్లడమే మానేస్తారు. ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే తల్లితోపాటు జైల్లో పెరగవచ్చు. ఆ బిడ్డల తిండి, చదువు, వైద్యం గురించి సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న, ‘ఉపాధ్యాయ్’ పేరుతో తెలిసిన కేసులోదే.

దీవుల్లో ఆడఖైదీల కథ పాతదే. 1858లో శిక్షాస్థావరంగా మారిన అండమాన్‌కు ఆడఖైదీలనూ తరలించారు. సౌత్ పాయింట్‌లో వాళ్లకో జైలుండేది. ఏళ్ల తరబడి శిక్ష గడిచాక అందులోంచి బయటపడే ముఖ్యమైన దారి, సొంతంగా బతకడానికి అనుమతి పొందిన మగఖైదీని పెళ్లాడటం. ఇవాళ ఆ జైలు లేదు. కానీ ఆడమనిషి బయటికి రావాలంటే ఆస్తి కాగితాలు పట్టుకుని ఒకరు రావాలి, ఆ కాగితాలు ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటాయి. ఇది నాకు చిన్న పోలికగా కనిపించడం లేదు.

బెయిలు సొమ్ముకు అడ్డుపడే కష్టం మన దగ్గరే కాదు. అమెరికాలో శాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి యువతిని 2015 జులైలో టెక్సస్‌లో రోడ్డు మీద ఆపి అరెస్టు చేశారు. బయటికి రావడానికి కట్టాల్సింది 500 డాలర్ల పైచిలుకు. మూడు రోజుల తర్వాత ఆమె జైలు గదిలో శవమై కనిపించింది. 2017 నుంచి మదర్స్ డే నాడు చందాలు పోగుచేసి నల్లజాతి తల్లులను బెయిలు మీద విడిపించే ఉద్యమం నడిచింది. 2023 సెప్టెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రం డబ్బు బెయిలునే ఎత్తేసింది. దీవుల్లోని తెలుగు సంఘాలు కూడా, పూచీకి సిద్ధపడే ఇంటి యజమానుల జాబితా ఒకటి ఇప్పుడే తయారుచేసుకోలేవా?

మరో ప్రమాదం మాదకద్రవ్యాలు. 2024 నవంబరులో బారెన్ దీవి దగ్గర ఒక పడవలో సుమారు 6,000 కిలోల మెథాంఫెటమైన్ పట్టుబడింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పొట్లాన్ని ఇంటికి తేకండి, పోలీసులకు చెప్పండి. "రెండు రోజులు దాచిపెట్టు అక్కా" అని ఎవరిచ్చిన సంచినీ పుచ్చుకోకండి. సరుకు వాణిజ్య పరిమాణంలో ఉంటే బెయిలు దాదాపు అసాధ్యం, శిక్ష కనీసం పదేళ్లు. పేద ఖైదీల పూచీసొమ్ము కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకం కూడా ఈ కేసులకు వర్తించదు.

అరెస్టు జరిగితే కారణాలు రాతపూర్వకంగా అడగండి. చీకటి పడ్డాక ఆడవాళ్లను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. బెయిలివ్వదగిన నేరంలో వారం రోజుల్లో పూచీ తేలేని మనిషిని పేదగా భావించి సొంత పూచీకత్తు మీదే వదలాలని చట్టం చెబుతోంది. మొదటిసారి కేసులో ఇరుక్కుని, గరిష్ఠ శిక్షాకాలంలో మూడోవంతు విచారణ ఖైదీగానే గడిపినవారిని వదలాలని కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టంలోని 479వ సెక్షను చెబుతోంది. మరణశిక్షకో యావజ్జీవానికో వీలున్న నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ అది వర్తించదు.

ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ప్లీడరు ఉచితం. న్యాయసేవాధికార సంస్థ ఫోను నంబరు 15100. ఇవతలి ఒడ్డున ఉన్న అమ్మయినా, చెల్లెలైనా చేయవచ్చు. ఖైదీ పేరు, కేసు నంబరు, బెయిలు ఆర్డరు తేదీ దగ్గర పెట్టుకుని చేయండి.