బండికి తెలిసింది రోడ్డుకూ తెలియాలి

2021 నవంబరులో పెన్నా నది పొంగి నెల్లూరు జిల్లా పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైనప్పుడు, కోవూరు వైపు లారీలు, బస్సులు బారులు తీరాయి. రోడ్డు అలా దెబ్బతింటే ఆ సంగతి ముందుగా తెలిసేది దాని మీద నడిచే బండికే. నేటి కొత్త వాహనాలు చాలావరకు చక్రం జారడాన్ని, సడన్ బ్రేకును తామే పసిగడతాయి. నెట్‌కు అనుసంధానమైన బండ్ల నుంచి ఆ వివరాలు తయారీ కంపెనీకి చేరతాయి. మన రోడ్డును చూసుకునే ఇంజనీరుకు మాత్రం అందవు.

ఐరోపాలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, వోల్వో వంటి కంపెనీలు జారుడు రోడ్డు, దారిలో ఆగిన బండి వంటి హెచ్చరికలను ప్రభుత్వాలతో పంచుకుంటున్నాయి. మన దగ్గర రోడ్డు భద్రత కోసం చేపట్టిన ఐరాస్తే ప్రాజెక్టు కొన్ని తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఢీకొనే ముప్పును చెప్పే పరికరాలు అమర్చింది. ఏ చోట హెచ్చరికలు పదేపదే వస్తున్నాయో చూసి, ప్రమాదం జరగకముందే ఆ చోటును సరిచేయవచ్చు. నాలుగు ప్రాణాలు పోయాక బ్లాక్ స్పాట్ (తరచూ ప్రమాదాలు జరిగే చోటు) అని బోర్డు పెట్టే పద్ధతికి ఇకనైనా స్వస్తి పలకాలి.

ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు గురించిన సమాచారం కంపెనీల సొత్తుగా మిగలడం అన్యాయం. యజమాని పేరు, బండి నంబరు తొలగించి భద్రతా వివరాలను ఉచితంగా ఇవ్వాలని కేంద్రం చట్టం చేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇందుకు అడ్డు కారాదు.

ఒక్క జాగ్రత్త. కోవూరు పల్లెల్లో ధాన్యం మోసే పాత ట్రాక్టరు, సైకిలు ఏ సర్వరుకూ కబురు పంపవు. కొత్త కార్లు తిరిగే దారులకే మరమ్మతులు దక్కకుండా, పల్లె రూట్ల ఆర్టీసీ బస్సుల్లోనే ముందుగా ఇలాంటి హెచ్చరిక పరికరాలు పెట్టాలి.