మీ వూరి పిల్లలకు మీరేం చేయగలరు?

పల్లెటూరి బడిపిల్లలకు సాయం చేయాలనుకునే వాళ్లకు మన దేశంలో కొదవలేదు. ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్సు దినోత్సవం నాడు, పట్నం నుంచి ఎవరో ఒకరు మా బడికి వస్తారు. గంటసేపు ఉపన్యసిస్తారు, పెన్నులు పంచుతారు, ఫొటో దిగి వెళ్తారు. వాళ్ల మనసు మంచిదే. కాని మరుసటి ఏడు వచ్చేది ఇంకొకరు. పిల్లవాడి పేరేమిటో, వాడికి లెక్కల్లో ఎక్కడ చిక్కు పడిందో వాళ్లకు తెలిసే వీలేలేదు.

మరి సాయం ఎలా వుండాలి? మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ అనే జిల్లా వుంది. ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. 1972లో అక్కడి 16 మిడిల్ స్కూళ్లలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు సైన్సును కొత్త పద్ధతిలో చెప్పించడం మొదలుపెట్టాయి. బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థ నుంచి, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు తమంతట తాముగా వచ్చి అక్కడి ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. పిల్లలు జట్లుగా కూర్చుని ప్రయోగం చేయాలి, కంటితో చూసింది తామే రాసుకోవాలి. పరీక్షలో పుస్తకం చూసుకోవచ్చు కూడా! (ఈ మాటకు మరీ సంబరపడకండి. అలాంటి పరీక్షలో బట్టీ పట్టింది ఎందుకూ కొరగాదు.)

1978లో ఈ పద్ధతి జిల్లా అంతటికీ పాకింది. ఆ ఏడే అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు, లారీలు తయారుచేసే కంపెనీలో వుద్యోగానికి ఏడాది సెలవు పెట్టి అక్కడికి వచ్చాడు. ఆయన వాడిన సామగ్రి ఏమిటో తెలుసా? అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు! మీరూ చేసి చూడండి. మందు గీకేసిన మూడు పుల్లల్ని ట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజం చేయండి. నొక్కినా దాని ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేస్తే ఇట్టే ఒరిగిపోతుంది. దానికి ఐమూలగా ఒక చీపురుపుల్ల కడితే గట్టిపడుతుంది, ఎందుకంటే ఇప్పుడది రెండు త్రిభుజాలయింది. మూడు భుజాల పొడవులు నిర్ణయమైతే కోణాలు కూడా నిర్ణయమైనట్లే. పొలాల్లోని కరెంటు టవరును ఈసారి పరీక్షగా చూడండి.

అక్కడి పిల్లలు తమకు తోచిన ప్రశ్నలన్నీ 'సవాలీరాం' పేరుకు వుత్తరం రాసేవారు. ఆ పేరుగల మనిషి నిజంగా లేడు. కార్యకర్తలే జవాబులు వెతికి రాసేవారు. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో దాని అర్థం వేరైనా, అదీ ఇక్కడ బాగానే నప్పుతుంది.

2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్ఫై ఏళ్ల శ్రమ వృథా అయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాని బయటినుంచి వచ్చేవారు, పైనుంచి వచ్చే అనుమతులు ఎల్లకాలం వుండవు. వూళ్లోనే వుండేవాళ్లు కావాలి. అందుకే ఈ మాట పెద్దలతో కాక మీతో చెబుతున్నాను.

తల్లిదండ్రులిద్దరూ చదువురాక, కూలికి పోయే ఇంట్లో నాలుగో తరగతి పిల్లకు సందేహం వస్తే ఎవరిని అడుగుతుంది? నాలుగుసార్లు మింగేస్తుంది. ఐదోసారికి సందేహమే రాదు. ప్రతి జూన్‌లోనూ ఆరో తరగతిలో చేరే పిల్లల్లో అలా మూగబోయినవాళ్లు నాకు కనిపిస్తారు. నన్ను చూస్తే వాళ్లకు బెదురు. పక్కింటి అక్కనో, అన్ననో అయితే అడుగుతారు.

'మా చదువే మాకు బరువుగా వుంటే' అంటారేమో. వారానికి ఒక గంట, ఇద్దరు పిల్లలు చాలు. హోంవర్కు మీరు చేసిపెట్టకండి, ట్యూషన్ మాస్టారులా బెత్తం పట్టకండి. భిన్నాలు చెప్పాలంటే రొట్టెముక్క చాలు. వాళ్లు అడిగింది మీకు తెలియకపోతే తెలియదనే చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి, లేదా మీ సైన్సు టీచరును అడగండి. నన్నడిగితే, ఎవరికైనా వివరించబోయినప్పుడే మనకెంత వచ్చో బయటపడుతుంది. పదో తరగతి పరీక్షకూ అది చేటు చేయదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆదివారం వస్తానంటే ఆదివారమే వెళ్లండి. క్రికెట్ మ్యాచి వున్నా, వాన పడుతున్నా సరే. అరుగు మీద పలక పట్టుకుని ఆ పిల్ల కూర్చుని వుంటుంది.